కెప్టెన్ రెండుసార్లు చచ్చిన సాయంత్రం

గల్ఫ్ వీసా చేతికి రాగానే మా చుట్టుపక్కల పిల్లలు ఒకసారి నా దగ్గరికి వచ్చి పోతారు. ఎండాకాలంలో తలకు ఏం చుట్టుకోవాలి, అర్బాబు, అంటే అక్కడి యజమాని, కోపంగా ఉన్నప్పుడు ఎటు చూడాలి, రూమ్‌లో వంట వంతు ఎలా తప్పించుకోవాలి, ఇవీ వాళ్ళ అనుమానాలు. చెప్పిందంతా విని, లేచి పోతూ పోతూ, “అన్నేండ్లు ఒమన్ల ఉన్నవ్ గద కాకా, పెద్దగ ఏం జేసినవ్ ఆడ?” అని ఒక పుల్ల వేస్తారు. “ఒక ఇంగ్లండు నటుణ్ణి రెండుసార్లు సంపిచ్చిన” అంటాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ముసలోడికి ఎండ బాగానే తగిలిందనుకుంటూ బండెక్కుతారు. అందుకని ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను. టీ తాగుతూ చదవండి, తొందరేమీ లేదు.

నేను డ్రైవర్ని. మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఒక టెంట్ కంపెనీ వ్యాను తోలాను. పెళ్ళిళ్ళకు, స్కూలు ఫంక్షన్లకు షామియానా, స్టేజీ, కుర్చీలు, లైట్లు పెట్టి, అయిపోగానే పీకి తెచ్చే కంపెనీ. ఈ పనిలో మెప్పు అనేది ఉండదు. ఏ పెళ్ళికొడుకైనా స్టేజీ దిగి వచ్చి, ఎంత మట్టంగా వేశారయ్యా అన్నాడా? మా మేనేజరు నోటి వెంట రోజూ వచ్చే మాట ఒక్కటే, “ఫిర్ సే కరో.” స్టేజీ ఒక పక్కకు ఒరిగింది, ఫిర్ సే. కుర్చీల వరస వంకర పోయింది, ఫిర్ సే. వ్యాను రివర్సులో గేటుకు తగిలింది, ఫిర్ సే. మళ్ళీ చెయ్యమన్నారంటే ఏదో తప్పు చేశావనే లెక్క. నా సర్వీసంతా ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు తెలియదు, ఆ ముసలాయన వచ్చేదాకా.

మా గ్యాంగులో ఇద్దరి సంగతి మీకు చెప్పాలి. ఒకరు మా జగిత్యాల వైపు వడ్లాయన. చెక్క పనిలో చెయ్యి మంచిది, నోరు పెద్దది. ఊళ్ళో ఉన్నప్పుడు పద్యనాటకాల్లో రాక్షసుడి వేషం కట్టేవాడు, ఆ గొంతు అలాగే ఉండిపోయింది. రూమ్‌లో ఉప్పు అందించమన్నా పక్క రూమ్ వాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. రెండో ఆయన కడప నుంచి వచ్చిన లైట్ల భాయ్. అర్బాబంటే భయం, మేనేజరంటే భయం, పోలీసు బండి పక్కనుంచి పోతే భయం. కరెంటుకు మాత్రం భయపడడు.

ఒక చలికాలం అర్బాబు నన్ను ఆఫీసుకు పిలిచాడు. ఇంగ్లండు నుంచి టీవీలో, స్టేజీ మీద వేషాలు వేసే పెద్దాయన వస్తున్నాడు, ఒక్కడే ఆడే నాటకం, ఒకరోజు సోహార్‌లో ఫ్యాక్టరీల వాళ్ళ క్లబ్బులో, ఇంకోరోజు మస్కట్‌లో. స్టేజీ మనదే. ఆయన్ని తిప్పే డ్యూటీ నీది. వ్యానులో ఉల్లిగడ్డ వాసన రాకూడదు. ఇదీ ఆర్డరు.

టీవీ నటుడంటే నల్ల కళ్ళద్దాలు, వెనక నలుగురు మనుషులు ఉంటారనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎయిర్‌పోర్టుకు పోయాను. చూస్తే బక్కపలచని పొడుగాటి ముసలాయన, గడ్డి టోపీ, ఆ టోపీని కింద పడకుండా ఆపడానికే పెట్టినట్టు పెద్ద చెవులు. పక్కన ఆయన పనులన్నీ చూసుకునే మేడమ్. నేను వెనక డోరు తీశాను. మేడమ్ ఎక్కింది. ఆయన మాత్రం చుట్టూ తిరిగి వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు.

“మా నాన్న బస్సు డ్రైవరు” అన్నాడు. “వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది.”

నాకు వచ్చిన ఇంగ్లీషు ఎయిర్‌పోర్టు నుంచి హోటలు దాకా సరిపోయేది. ఆయన దాన్ని సోహార్ దాకా సాగదీశాడు, చేతులు తిప్పి, మొహం మార్చి, మరీ అవసరమైతే సీట్లోనే చచ్చి చూపించి. అలా నాకు ఆయన జీవితమంతా తెలిసింది. కుర్రప్పుడు స్టేజీ మీద బల్లెం పట్టుకుని నిలబడే వేషాలట. రాజులు మారినా బల్లెం మాత్రం ఈయన చేతిలోనే ఉండేదట. తర్వాత టీవీలో పడ్డాడు. వాళ్ళ దేశంలో పోలీసు సీరియలంటే మొదట్లోనే ఒక శవం దొరకాలి. ఆ శవం ఈయనే. కాలవలో, పొదలో, లైబ్రరీలో, ఒకసారి ఐస్‌క్రీం బండిలో. కళ్ళు తెరిచి రెప్ప వెయ్యకుండా ఉండగలడని డైరెక్టర్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళట. “బతికున్నవాళ్ళ కంటే నాకే పని ఎక్కువ” అన్నాడు.

చివరికి ఒక పల్లెటూరి సీరియల్‌లో పోస్టుమేన్ వేషం దొరికింది. ఏళ్ళ తరబడి నడిచింది, దేశమంతా ముద్దు చేసింది. ఈయనకు కొంచెం ధైర్యం వచ్చి, నాక్కూడా నాలుగు మంచి డైలాగులు రాయండయ్యా అని అడిగాడు. రాశారు. ఆ నాలుగు డైలాగులూ చెప్పించి, చర్చి గంట తెంచి నెత్తిన పడేశారు. మర్నాటి నుంచి వాళ్ళ ఇంటికి పూలగుత్తులు. ఆయన భార్య, పాపం ఇప్పుడు లేదట, గుమ్మంలో నిలబడి, “ఆయన లోపల నిద్రపోతున్నాడు, వెళ్ళి రండి” అని అందరికీ చెప్పి పంపేదట. ఆ మాటతో జనం ఇంకా ఏడ్చేవాళ్ళట.

ఇదంతా కోతలేమో అనుకున్నాను. మస్కట్ సూపర్‌మార్కెట్‌లో నా కళ్ళతో చూశాను. ఒక ఇంగ్లీషు పెద్దావిడ ట్రాలీ ఆపి, ఈయన్ని కింది నుంచి పైదాకా చూసి, “మీరు చచ్చిపోయారు కదా” అంది. ఈయన టోపీ తీసి, “అవునమ్మా, టమాటాలకు వచ్చాను” అన్నాడు.

నవ్వుకుంటూనే తిరిగాం గానీ, ఆ నవ్వు కింద ఒక బెంగ ఉంది. మేడమ్ ఒకసారి పెట్రోలు బంకులో, ఆయన బాత్రూముకు వెళ్ళినప్పుడు నాతో చెప్పింది. ఈ మధ్య ఆయనకు స్టేజీ మీద మాటలు మరపుకు వస్తున్నాయి. వాళ్ళ ఊళ్ళో ఒకసారి మధ్యలో ఆగిపోయి, కాసేపు అలాగే నిలబడి, దిగి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఏ థియేటరూ పిలవడం లేదు. మస్కట్ నాటకం చూడ్డానికి లండన్ నుంచి ఒక థియేటరు ఓనరు వస్తున్నాడు. నచ్చితే అక్కడ ఆడిస్తాడు. ఇక్కడ కూడా మాట ఆగిపోయిందా, ఇంక ఆయన స్టేజీ ఎక్కేది లేదు. “కాబట్టి బండిలో ఆయన వల్లించుకుంటుంటే మాట్లాడించకు” అంది. నేనేమో అప్పటిదాకా గుంటల గురించి, ఒంటెల గురించి వాగుతూనే ఉన్నాను.

ఆ తర్వాత నోరు కట్టేసుకుని గమనించాను. మాట జారిపోతే ఆయన చెయ్యి ఎడమ చెవి తమ్మె మీదికి పోయేది. ఆ చోట ఎంత తడుముకున్నా మాట దొరికేది కాదు. మళ్ళీ మొదటికి పోయి అందుకుంటే మాత్రం గడగడా దాటేసేవాడు. ఎత్తు ఎక్కలేని బండిని కాస్త వెనక్కి తీసి ఊపు మీద ఎక్కిస్తామే, అలాగ. బండిలో అయితే ఎన్నిసార్లైనా వెనక్కి పోవచ్చు. స్టేజీ మీద, టికెట్టు కొన్న జనం ముందర, ఎవరు పోనిస్తారు?

నాటకం ఒక ముసలి ఓడ కెప్టెన్‌ది. ఓడ మునిగిపోతుంటుంది. పనివాళ్ళందరూ పడవలెక్కి వెళ్ళిపోయారు. ఈయనొక్కడే మిగిలి, ఎవరూ లేని ఓడలో అందరితో మాట్లాడుతుంటాడు. మా వడ్లాయన ప్లైవుడ్‌తో ఓడ ముక్కు, స్తంభం చేసి, ఆయన చచ్చి పడే చోట పరుపు ముక్క కూడా దాచాడు. “పెద్ద మనిషి, నడుం బట్టుకుంటది” అన్నాడు.

సోహార్‌లో టికెట్లు సగమే తెగాయి. ఖాళీ కుర్చీలు చూస్తే నటుడికి మనసు చివుక్కుమంటుందని, అర్బాబు లేబర్ క్యాంపు నుంచి మనవాళ్ళని బస్సులో తెప్పించి వెనక వరసలు నింపించాడు. తల దువ్వుకుని, సెంటు పూసుకుని వచ్చారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా కాసేపటికి హాలంతా గుడ్లప్పగించి చూస్తోంది. చివర్లో కెప్టెన్ తన మనుషుల్ని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తాడు. ఎవరూ పలకరు. ఇల్లు వదిలి అంత దూరం వచ్చినవాళ్ళకు ఆ మాత్రం అర్థం కావడానికి ఇంగ్లీషెందుకు? నా ముందున్నాయన తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. కెప్టెన్ స్తంభం పట్టుకుని జారి, పరుపు ముక్క మీద పడి ప్రాణం వదిలాడు.

“వన్స్ మోర్” అని వడ్లాయన గొంతు పేలింది.

అంతే, వెనక వరసలన్నీ అందుకున్నాయి. “వన్స్ మోర్, వన్స్ మోర్.”

మీకు తెలియకపోవచ్చు, మీ కాలానికి నాటకాలు ఎక్కడివి? మా రోజుల్లో పద్యం బాగా పాడితే జనం వన్స్ మోర్ అనాల్సిందే, నటుడు మళ్ళీ పాడాల్సిందే. చచ్చే ముందు పాడిన పద్యమైతే చచ్చినవాడు లేవాల్సిందే. అంతకంటే పెద్ద మర్యాద మాకు తెలియదు. కానీ ముందు వరసల్లో ఉన్న ఇంజనీర్లకు ఈ సంగతి ఏం తెలుసు? వెనక్కి తిరిగి మమ్మల్ని పశువుల్ని చూసినట్టు చూశారు. నేను పక్క నుంచి చూస్తున్నాను, శవం ఒక కన్ను తెరిచింది. మేడమ్ పరుగున వచ్చి తెర లాగేసింది.

ఆ తర్వాత జరిగిన తిట్ల పండగ రాస్తే మీ టీ చల్లారిపోతుంది. చావును ఎగతాళి చేశారని మేడమ్, కంపెనీ పేరు పోయిందని మేనేజరు. అర్బాబు అరవలేదు, అదే భయం. “మస్కట్‌లో బస్సు లేదు, క్యాంపు లేదు” అన్నాడు హిందీలో. “సామాను సర్దడానికి మీ గ్యాంగు ఒక్కటే, అదీ వెనక గోడ దగ్గర. ఒక్క గొంతు లేచినా ఖలాస్. వాళ్ళందరికీ పెద్దవాడివి నువ్వు. నీ టికెట్టు నేనే తీస్తా, ఇంటికి.”

“నేనేం జేసిన అర్బాబ్” అనబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాను.

మర్నాడు తిరుగు దారిలో ముసలాయన కాసేపు తన మాటలు వల్లించుకున్నాడు. తర్వాత, “వాళ్ళు ఎందుకు నవ్వారు?” అన్నాడు.

“నవ్వలేదు సార్. ఏడ్చారు. మళ్ళీ చావమన్నారు.”

బండి నడుపుతూ నాకున్న ఇంగ్లీషంతా ఖర్చు పెట్టి వన్స్ మోర్ సంగతి చెప్పాను.

“చచ్చినవాడు నిజంగా లేస్తాడా?”

“లేస్తాడు సార్. పంచె దులుపుకుని, హార్మోనియం ఆయనకు సైగ చేసి, మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. మా కార్పెంటరు ఒక రాత్రి మూడుసార్లు చచ్చాడు. ఇంకోసారి అంటే దేవుడి వేషం కట్టినాయన విల్లు కింద పెట్టి, నా వల్ల కాదు, చాయ్ తాగొస్తానని పోయాడు.”

ఆయన నవ్విన నవ్వుకు టోపీ గేరు మీద పడింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కిటికీ లోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు. “నేను జీవితమంతా చచ్చాను. బాగుంది, ఇంకోసారి చూస్తాం అని ఒక్కరూ అడగలేదు.” నేను హారన్ కొట్టాను. ముందు ఏ బండీ లేదు. వెనక సీట్లో మేడమ్ ఫోను చూసుకుంటోంది, వినలేదనే అనుకున్నాను.

మస్కట్ హాలు నిండిపోయింది. ముందు వరసలో లండన్ ఓనరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ పక్కన అర్బాబు, తెల్లటి దిష్‌దాషా అంగీ, కొత్త తలపాగా. సూపర్‌మార్కెట్ పెద్దావిడ కూడా మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మేము ముగ్గురం వెనక గోడకు బల్లుల్లాగా అంటుకుని నిలబడ్డాం. భాయ్ చేతిలో లైట్ల బోర్డు. వడ్లాయన్ని నడుమ పెట్టి, “నోరు తెరిస్తివా, నీ మొహం సూడ” అన్నాను. వాడు తుండుగుడ్డ మూతికి గట్టిగా కట్టుకున్నాడు. దొంగలాగా ఉన్నాడు గానీ, మంచిదేనని ఊరుకున్నాను.

అంతా సాఫీగా నడిచింది, ఆఖరి మాటల దాకా. కెప్టెన్ స్తంభం పట్టుకుని తన మనుషుల్ని పిలవడం మొదలుపెట్టాడు. ఒక పేరు పిలిచాడు. ఇంకో పేరు పిలిచాడు. ఆగాడు.

నటనేననుకున్నారు జనం. ఆయన చెయ్యి మెల్లగా పైకి లేచింది. ఎడమ చెవి తమ్మె మీదికి పోయింది.

ఆయన పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఎవరో దగ్గారు. ఓనరు కాలు మీద కాలు తీసి వాచీ వైపు చూశాడు. ముసలాయన స్టేజీ దిగే మెట్ల వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. దిగాడంటే మళ్ళీ ఎక్కడు. ఆయనకు కావాల్సింది కాస్త వెనక్కి పోయి ఊపు అందుకునే దారి. మొదటి నుంచి చెప్పమని ఎవరో ఒకరు అడగాలి. అడిగే పద్ధతి ఆ హాలు మొత్తం మీద మా ముగ్గురికే తెలుసు. నా టికెట్టు, నా రూమ్, నా పెట్టె అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

“వన్స్ మోర్” అన్నాను. గొంతు కీచుగా వచ్చింది.

భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. “కాకా, వద్దు కాకా, నీకు దండం పెడతా, మనల్ని బతకనియ్యరు” అని వణికిపోతూనే స్టేజీ వైపు చూశాడు. ఏమనుకున్నాడో, ఆ వణుకుతోనే, “వన్స్ మోర్” అని నాకంటే గట్టిగా అరిచాడు. వడ్లాయన మూతి గుడ్డ పీకి పారేశాడు. ఇంక చెప్పేదేముంది.

హాలంతా వెనక్కి తిరిగింది. స్టేజీ మీద కెప్టెన్ చెవి మీంచి చెయ్యి తీసి నుదుటికి అడ్డం పెట్టుకుని, చీకట్లోకి చూశాడు, దూరంగా పడవ కనబడినట్టు.

“ఎవరక్కడ? నా మనుషులేనా?” అన్నాడు.

వడ్లాయనకు ఏం అర్థమైందో గానీ, “ఉన్నం సార్, ఈడనే ఉన్నం” అన్నాడు.

“మళ్ళీ పిలవమంటారా?” అన్నాడు కెప్టెన్. “సరే.”

మొదటికి పోయాడు. ఒక పేరు, ఇంకో పేరు, ఆ ఎత్తు దగ్గరికి వచ్చాడు, ఆగకుండా దాటేశాడు. ఆ చివరిదాకా పిలిచి, జారి, పడి, చచ్చాడు. జనం చప్పట్లకు చేతులెత్తేలోపల మా మహానుభావుడు ఆగగలడా? అలవాటు కొద్దీ, “వన్స్ మోర్.” నేను రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. వేళ్ళ సందులోంచి చూస్తే శవం లేచి కూర్చుంది. మోకాళ్ళు దులుపుకుంది. లైట్ల భాయ్ వైపు తిరిగి, ఎర్ర లైటు మళ్ళీ వెయ్యమని సైగ చేసింది. భాయ్ వేశాడు. కెప్టెన్ మళ్ళీ స్తంభం పట్టుకుని, ఇంకాస్త నెమ్మదిగా, ఇంకాస్త హాయిగా చచ్చాడు. రెండో చావే బాగుంది. నవ్వుతూ, ఏడుస్తూ హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్లలో పెద్దావిడ మొగుడి చెవి దగ్గర అరవడం వినబడింది. “నేను చెప్పానా, ఈయన చచ్చిపోయాడని?”

ఓనరు మేడమ్ దగ్గరికి వచ్చి, ఆ వెనక గొంతులు పెట్టాలన్న ఆలోచన ఎవరిదని అడిగాడు. మేడమ్ రెప్ప కూడా వెయ్యలేదు. “మొదటి నుంచీ నాటకంలో ఉన్నదే” అంది. అక్కడే చెయ్యి కలిపారు. తర్వాత లండన్‌లో ఆడినప్పుడు వెనక వరసలో జీతమిచ్చి మనుషుల్ని కూర్చోబెట్టారట. ముసలాయన నాకు వీడియో పంపాడు. వాళ్ళు అరిచేది చూస్తే బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచినట్టుంది. వడ్లాయన చూసి, “పానం లేదు కాకా” అన్నాడు.

నాటకం అయిన రాత్రే అర్బాబు నన్ను పిలిచాడు. టికెట్టు సంగతేనని పెట్టె సర్దుకునే ఆలోచనతోనే పోయాను. ఆయన తలపాగా సవరించుకుని, “మంచి నాటకం” అన్నాడు. “కానీ ఆయన రెండోసారి పడ్డప్పుడు స్టేజీ కిర్రుమంది. ఫిర్ సే కరో.”

ఇదంతా ఒక ఎత్తు. నేను మీకు చెప్పాలనుకున్నది ఆ మర్నాటి పొద్దున సంగతి.

వాళ్ళని ఎయిర్‌పోర్టులో దించాను. సామాను ట్రాలీలో పెట్టాను. వీడ్కోలుకు రెండు ఇంగ్లీషు ముక్కలు రాత్రే సిద్ధం చేసుకున్నాను. చేతులు జోడించి, “సార్, యు డై వెరీ గుడ్” అన్నాను. మేడమ్ ఉలిక్కిపడింది. ఆయన మాత్రం టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. నేను ఒక సలాం కొట్టి, గిర్రున తిరిగి వ్యానెక్కి స్టార్ట్ చేశాను.

“వన్స్ మోర్.”

అద్దాల తలుపు దగ్గర ట్రాలీ వదిలేసి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ముసలాయన అరుస్తున్నాడు. పోలీసాయన తిరిగి చూశాడు. నేను గభాలున దిగి ముందు బంపరు చూశాను, వెనక టైరు చూశాను. మళ్ళీ అన్నారంటే ఏదో తప్పు చేసే ఉంటాను కదా. ఆయన తల అడ్డంగా ఊపాడు. చేతులు జోడించి చూపించాడు, సలాం కొట్టి చూపించాడు, గిర్రున తిరిగి చూపించాడు. అది కావాలట. అదే, ఇంకోసారి.

ఇంజను ఆపాను. నడిచి ఆయన ముందుకు పోయి నిలబడ్డాను. జనం చూస్తున్నారు. చేతులు జోడించాను. మొదటిసారి కంటే రెండోసారే బాగా చేశాననుకుంటాను.